రంగు లేని చెక్కపై ఉంగరాల జుట్టు: ఒక లిండెన్ పలక పనిడైరీ

జనవరి 12, ఆదివారం

మ్యూనిక్‌లోని బవేరియా జాతీయ మ్యూజియంలో ఆదివారాలు ప్రవేశ రుసుము ఒక్క యూరో. ఆ వెసులుబాటు పుణ్యమా అని వరుసగా మూడో వారం అదే గదికి వెళ్లి అదే విగ్రహం ముందు నిలబడ్డాను. అది యేసు శిష్యురాలు మగ్దలేనే మరియ నిలువెత్తు రూపం. జర్మన్ శిల్పి టిల్మన్ రీమన్‌ష్నైడర్ 1490-92 మధ్య మ్యూనర్‌స్టట్ అనే చిన్న ఊరి చర్చి కోసం, లిండెన్ అనే యూరప్ చెట్టు చెక్కలో మలిచిన శిల్పం. మన బైబిలులో కనిపించని ఒక కథ దీనికి ఆధారం. మధ్యయుగపు యూరప్‌లో చెప్పుకున్న ఆ కథ ప్రకారం, ఆమె తన చివరి రోజులను దక్షిణ ఫ్రాన్సులోని ఒక కొండగుహలో ఏకాంతంగా గడిపింది. కట్టుబట్టలు శిథిలమైపోగా వెంట్రుకలే ఆమె ఒంటిని కప్పాయి. రోజూ దేవదూతలు వచ్చి ఆమెను ఆకాశంలోకి ఎత్తుకుపోయి దివ్యగానం వినిపించేవారు. శిల్పి ఆ కథను మాటకు మాటగా తీసుకున్నాడు. తలమీద నుంచి జారే పొడవాటి జుట్టు ఒక రకం, ఒంటిని కప్పిన పొట్టి ఉంగరాల జుట్టు మరొక రకం. ముఖం, చేతులు, మోకాళ్లు మాత్రం నున్నగా మిగిలాయి.

మూడేళ్లుగా ఇక్కడి సాయంత్రపు తరగతిలో చెక్కపని నేర్చుకుంటున్న నాకు, ఈ విగ్రహంలో మొదట అంతుపట్టనిది ముఖం కాదు, ఆ ఉంగరాలే. చర్మానికీ జుట్టుకూ తేడా చెప్పడానికి ఇక్కడ రంగు లేదు. రెండూ ఒకే గోధుమవర్ణపు చెక్క. అయినా రెండడుగుల దూరం నుంచి కూడా ఏది మెత్తటి చర్మమో, ఏది బిరుసు వెంట్రుకో కన్ను తడుముకోకుండా చెబుతుంది. ఇది ఎలా సాధ్యమైందో చూసి తెలుసుకోలేకపోయాను కాబట్టి చేసి తెలుసుకుందామని నిశ్చయించుకున్నాను. విగ్రహం మొత్తానికి నకలు తీసే శక్తీ, ఉద్దేశమూ నాకు లేవు. ముప్ఫై సెంటీమీటర్ల పొడవు, పద్దెనిమిది సెంటీమీటర్ల వెడల్పు, ఐదు సెంటీమీటర్ల మందం ఉన్న ఒక పలకమీద, పైభాగంలో నున్నటి చర్మం, కింది భాగంలో ఉంగరాల జుట్టు, వాటి మధ్య సరిహద్దు, అంతే చెక్కుతాను. పూర్తయ్యాక పలకను నిలువుగా రెండు ముక్కలు చేసి, ఒకదాన్ని రీమన్‌ష్నైడర్ పద్ధతిలో చెక్కగానే ఉంచి, రెండోదానికి ఆ కాలపు ఆనవాయితీ ప్రకారం సుద్దపూత పూసి రంగు వేస్తాను.

ఈ రెండో ముక్క ఆలోచన ఊరికే రాలేదు. 1490లో మ్యూనర్‌స్టట్ వారు ఈ పని ఒప్పగించినప్పుడు, బలిపీఠం వెనుక నిలబెట్టే ఇలాంటి శిల్పాల అమరికలు దాదాపు అన్నీ రంగులతో, బంగారు రేకుతో మెరిసిపోయేవి. రంగు లేకుండా విడిచిపెట్టిన పెద్ద అమరికల్లో మనకు తెలిసిన తొలినాటి వాటిలో ఇది ఒకటి. ఊరివారికి అది ఎక్కువ కాలం రుచించలేదు. పన్నెండేళ్లు తిరిగేసరికి, 1504-05లో, మరో మహాశిల్పి ఫైట్ ష్టోస్ చేత దానికి రంగులు వేయించి బంగారు పూత పెట్టించారు. ఆ రంగును తరువాతి కాలాల్లో తీసేశారు. ఒక చేత్తో చెక్కి మరో చేత్తో రంగు వేస్తే, ఆ ఊరి పెద్దలు ఏమి పోగొట్టుకున్నారో, ఏమి సంపాదించుకున్నారో నా పలకమీదైనా చూడవచ్చు.

జనవరి 26, ఆదివారం

పలక వచ్చింది, పగిలింది. తప్పు పూర్తిగా నాదే. చెక్క లోపల ఇంకా కొంత తేమ ఉందని తెలిసి కూడా, గదిలో మరెక్కడా చోటు లేక హీటరుకు మూడడుగుల దూరంలో నిలబెట్టాను. ఐదు రోజుల్లో పైఅంచు నుంచి ఆరు సెంటీమీటర్ల నెర్రె లోపలికి దిగింది.

అయితే ఈ నెర్రె వల్ల ఒక విషయం బోధపడింది. చెక్క ఆరేటప్పుడు అన్ని వైపులా సమానంగా కుంచించుకుపోదు. మొద్దు నడిమి నుంచి బెరడు వైపు ఎంత ముడుచుకుంటుందో, వలయాల చుట్టుకొలత వెంబడి దానికి సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ముడుచుకుంటుంది. నిండు మొద్దులో ఆ రెండింటి లెక్క కుదరదు కాబట్టి, ఎక్కడో ఒకచోట నడిమి దాకా చీలి తీరాలి. అందుకే మధ్యయుగాల చివరి, అంటే గోతిక్ కాలపు శిల్పులు నిలువెత్తు విగ్రహాలను వెనుకవైపు నుంచి దోనెలాగా తొలిచేసేవారు. నడిమి భాగాన్ని ఇలా తీసివేస్తే, మిగిలిన పెంకుకు పగలకుండా కదిలే వీలుంటుంది, బరువూ తగ్గుతుంది. విగ్రహాన్ని గోడకు ఆనించి పెట్టేవారు కాబట్టి వెనుక ఖాళీ ఎవరికీ కనిపించేది కాదు. మొద్దును బల్లమీద పడుకోబెట్టి, రెండు చివరలా ఇనుప ములుకుల మధ్య బిగించి, కావలసిన వైపుకు తిప్పుకుంటూ చెక్కేవారు. ఆ కాలపు ఎన్నో విగ్రహాల నడినెత్తిన కనిపించే, తరువాత చిన్న చెక్కముక్కతో పూడ్చిన రంధ్రం ఆ బిగింపు గుర్తే.

నా పలకకు ములుకులతో పనిలేదు గాని, వెనుక తొలవడం మాత్రం నేనూ చేశాను. పగిలిన భాగాన్ని కోసి పారేసి, మిగిలిన ఇరవైనాలుగు సెంటీమీటర్లతో సరిపెట్టుకుని, వెనుకవైపు రెండు సెంటీమీటర్ల లోతున బోలుగా తీశాను. ఇప్పుడు అది హీటరు లేని మెట్లగదిలో ఉంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

రెండు వారాలుగా నేను చెక్కింది తక్కువ, ఉలి నూరింది ఎక్కువ. లిండెన్ మెత్తటి చెక్క. దాని నార ఎంత సమంగా ఉంటుందంటే, నిలువుగా తోసినా అడ్డంగా తోసినా ఉలి దాదాపు ఒకే తీరున నడుస్తుంది. ఆ సుగుణమే మొద్దుబారిన ఉలికి శాపం. పదును చాలకపోతే చెక్క తెగదు, నలుగుతుంది. నలిగినచోట తెల్లటి నూగులాంటి మచ్చ పడుతుంది. దాన్ని గీకి పోగొట్టబోతే పక్కనున్న అంచు కూడా పోతుంది. టేకు, రోజ్‌వుడ్ లాంటి గట్టి చెక్కలు ఉలి మొండిదైతే ఎదురు తిరిగి చెబుతాయి. లిండెన్ ఏమీ అనదు, లొంగిపోతుంది, తరువాత మచ్చ చూపిస్తుంది.

మా గురువుగారు విశ్రాంత శిల్పి. బవేరియా కొండల్లోని చర్చిలకు జీవితమంతా విగ్రహాలు చెక్కినవారు. నా మొదటి ఉంగరాన్ని కిటికీ వెలుగులో పక్కకు వంచి చూసి, “ఇది మీరు గీసిన ఉంగరం, చెక్కినది కాదు” అన్నారు. నేను పెన్సిలుతో సుడి గీసుకుని, ఆ గీత వెంబడి వి ఆకారపు ఉలిని నడిపించాను. ఫలితం ఏమిటంటే, చెక్కమీద ఒక సుడి బొమ్మ వచ్చింది గాని జుట్టు రాలేదు. ఆయన చూపించిన దారి ఇది: మొదట ఉంగరాన్ని ఒక బొడిపెలాగా, చిన్న నిమ్మకాయ సగంలాగా మిగిల్చుకోవాలి, దానికి ఒక పక్కన గోరు ఉలితో గుండ్రటి బొక్క పెట్టి చీకటిని తయారు చేయాలి, ఆ చీకటిలో నుంచి బయటికి వచ్చి మళ్లీ అందులోకే దిగేలా వెంట్రుకల పాయలను రెండు మూడు కోతల్లో తేల్చాలి. ముందు నీడ, తరువాత గీత. గీత ఎంత తక్కువైతే అంత మంచిది.

ఈ మాట విన్నాక మ్యూజియంలో తీసుకున్న ఫొటోలు మళ్లీ చూశాను. రంగు వేసే పద్ధతిలో నలుపు అనేది సీసాలో ఉంటుంది. ఇక్కడ నలుపు బొక్క లోతులో ఉంది. శిల్పి తనకు కావలసిన చీకట్లన్నిటినీ ఉలితోనే సంపాదించుకోవాలి.

ఫిబ్రవరి 23, ఆదివారం

పద్దెనిమిది ఉంగరాలు పూర్తయ్యాయి. మొదటి ఆరు పనికిరావు. ఒకే కొలత, ఒకే తిరుగుడు, వరసగా పేర్చిన జంతికల్లాగా కనిపిస్తున్నాయి. ఏడో దాని నుంచి, పక్కదాని వాలును చూసుకుని దీని వాలును మార్చడం, ఒకదాని తోకను మరొకదాని కిందికి పోనివ్వడం అలవాటైంది. వంపు నంబరు ఎనిమిది, వెడల్పు ఏడు మిల్లీమీటర్లు ఉన్న ఒకే గోరు ఉలితో ముప్పాతిక వంతు పని జరిగిపోయింది.

చర్మం వైపు పని తేలికవుతుందని అనుకున్నాను. అదే ఎక్కువ సమయం తీసుకుంది. గరుకు కాగితం వాడితే మెత్తదనం రాలేదు, చచ్చినట్టు పేలవంగా తయారైంది. దానిని మళ్లీ పైపైన చెక్కి, వెడల్పాటి చదును ఉలితో పొడవైన, లోతులేని కోతలు వేశాక గాని వెలుతురు దాని మీద సజావుగా జారలేదు. రీమన్‌ష్నైడర్ రంగు లేని శిల్పాల్లో బట్టల అంచుల మీదా అలంకారాల మీదా సన్నని పోట్లు, చిల్లుల వరసలు, గీతలు కనిపిస్తాయి. సుద్దపూత కింద పూడిపోయే అలాంటి పనిని రంగు వేయబోయే బొమ్మమీద ఎవరూ అంత శ్రద్ధగా చేయరు కాబట్టి, చెక్కను చెక్కగానే చూపాలని ఆయన ముందే అనుకున్నాడని చెప్పడానికి అవే మంచి సాక్ష్యాలు.

మా సొంత ఊరు విజయవాడ పక్కనే. చిన్నప్పుడు కొండపల్లిలో బొమ్మలు చేసే ఇళ్ల అరుగుల మీద గంటలు గంటలు కూర్చునేవాణ్ణి. అక్కడి పద్ధతి దీనికి పూర్తిగా వేరు. తెల్ల పొణికి చెక్కను పైపైన రూపుకట్టి, చేతులూ కాళ్లూ విడిగా చేసి, చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతికి, మీద సున్నం పూసి, అప్పుడు రంగులు వేస్తారు. అక్కడ ఉలి గుర్తులు మిగలడం లోపం. బొమ్మ ముఖం ఉలితో కాదు, కుంచెతో తెరుచుకుంటుంది. యూరప్‌లో ఆనాటి రంగుల విగ్రహాల తర్కం సరిగ్గా ఇదే: చెక్క ఎముక, పూత చర్మం. నేను కొండపల్లి కళ్లతో చూసినంత కాలం రీమన్‌ష్నైడర్ పని సగంలో ఆపేసిన బొమ్మలాగానే కనిపించింది. మ్యూనర్‌స్టట్ పెద్దలకు కూడా అలాగే కనిపించి ఉంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

మార్చి 16, ఆదివారం

చెక్కడం పూర్తి. పలకను నిలువుగా కోసేటప్పుడు చెయ్యి వణికిందని ఒప్పుకోవాలి. ముప్ఫైఒక్క ఉంగరాల్లో మూడు రంపానికి బలైపోయాయి.

మొదటి ముక్కకు పూత వేశాను. మ్యూనర్‌స్టట్ శిల్పాలను పరిశీలించిన సంరక్షణ నిపుణులకు, రంగు లేనివనుకున్న ఆ శిల్పాలు నిజానికి పచ్చి చెక్క కావని, వాటిమీద లేత వర్ణం కలిపిన పారదర్శకమైన పూత ఉండేదని తేలింది. కళ్లకూ పెదవులకూ మాత్రం కాస్త రంగు తగిలించేవారు. కాబట్టి ‘రంగు లేని’ అన్న మాటను కొంచెం జాగ్రత్తగా వాడాలి. నేను గుడ్డు తెల్లసొనను గిలకొట్టి, ఒక రాత్రి నిలువ ఉంచి, పైన తేరిన నీటిలో చిటికెడు పసుపుమట్టి రంగూ, అంతకన్నా తక్కువగా బొగ్గుపొడీ కలిపి, రెండు పలచటి చేతులు (పూతలు) వేశాను. ఇది నా వంటకమే, ఆయనది కాదు. అయినా ఫలితం బాగుంది. పచ్చి లిండెన్‌కు ఉండే పాలిపోయిన తెలుపు తగ్గి, తేనెరంగు వచ్చింది. పూత బొక్కల అడుగున కాస్త ఎక్కువగా నిలిచి అక్కడి చీకటిని చిక్కబరిచింది. వెలుగులో ఉన్న ఉబ్బుల మీద నుంచి గుడ్డతో అద్ది తీసేశాను.

మార్చి 30, ఆదివారం

రెండో ముక్క. జంతువుల చర్మం నుంచి తీసే జిగురును, మన వడ్రంగులు వజ్రం అనేదాన్ని, ఒకటికి పదింతల నీటిలో నానబెట్టి, మరగనివ్వకుండా నీటి ఆవిరి మీద కరిగించాను. మరిగితే జిగురు పట్టు పోతుంది. ముందుగా జిగురునీటితో ఒక చెయ్యి, తరువాత అందులోనే మెత్తటి సుద్ద కలిపి ఏడు చేతులు. ఆల్ప్స్‌కు ఉత్తరాన సుద్ద వాడారు, దక్షిణాన ఇటలీలో జిప్సం. ఏది దగ్గరలో దొరికితే అది.

మూడో చేతికే గుండె జారింది. ఉంగరాల మధ్య రెండు మిల్లీమీటర్ల సందులు ఒక్కొక్కటిగా మూసుకుపోతున్నాయి. ఏడో చేతికి వెంట్రుక పాయల గీతలు దాదాపు కనబడడం లేదు. వారాల తరబడి సంపాదించిన నీడలు గంటల్లో తెల్లటి మైదానమయ్యాయి. ఆ కాలపు పనివారికి ఇది తెలియక కాదు. సుద్ద ఆరాక దాన్ని చిన్న కొక్కేలతో మళ్లీ గీకి చెక్కేవారు. రంగు వేసేవాడు ఒక రకంగా రెండోసారి శిల్పం చేసేవాడే. నేనూ గీకాను. నాలుగు ఉంగరాలకు ఒక సాయంత్రం పట్టింది. జుట్టుకు ముదురు గోధుమ, చర్మానికి తెలుపులో కాస్త ఎరుపు కలిపి నూనెరంగులు వేశాను. పైవరసలోని మూడు ఉంగరాలకు ఎర్రమట్టి పూత మీద బంగారు రేకు అంటించి, అగేట్ రాయితో నునుపు పెట్టాను.

ఈ వారమంతా ఫైట్ ష్టోస్ గురించే ఆలోచిస్తున్నాను. క్రాకోవ్‌లో 1477-89 మధ్య చెక్కి, రంగులతో, బంగారంతో నింపిన మహా అమరిక ఆయనదే. న్యూరెంబర్గ్‌లో పత్రం ఫోర్జరీ చేసిన నేరానికి 1503లో చెంపలమీద వాతలు పెట్టించుకుని, మరుసటి ఏడు ఆ నగరం విడిచి మ్యూనర్‌స్టట్ చేరాడు. తనకన్నా తక్కువవాడు కాని మరో శిల్పి ఉలి గుర్తుల మీద సుద్ద పూయవలసి వచ్చినప్పుడు ఆయన చేతికి ఏమనిపించిందో ఏ పత్రమూ చెప్పదు. అయితే 1520-23లో, ఇప్పుడు బాంబెర్గ్‌లో ఉన్న తన చివరి పెద్ద అమరికను ఆయన చెక్కగానే విడిచిపెట్టాడు. దాన్ని చేయించినది మఠాధిపతి అయిన ఆయన కుమారుడే. దానికి ఎవరూ తేలికగా రంగు వేయించకూడదని కోరినవాడూ అతడే.

ఏప్రిల్ 13, ఆదివారం

రెండు ముక్కలనూ తరగతికి తీసుకువెళ్లాను. తోటివారందరూ చెక్క ముక్క వైపే మొగ్గారు, నేనూ అంతే. బల్లమీద పెట్టి, పక్కనుంచి దీపం వేస్తే దానికి సాటి లేదు. దీపాన్ని కదిపితే ఉంగరాలు కదులుతున్నాయి. రంగు వేసినదానిలో ఏ దీపం పెట్టినా ఒకటే. నా పక్షం గెలిచిందని సంతోషించాను.

గురువుగారు మాత్రం రెండింటినీ చూసి, ఇవి ఎంత ఎత్తున ఉండవలసినవి అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

మళ్లీ మ్యూజియం. ఈసారి విగ్రహానికి దగ్గరగా కాకుండా, గది అవతలి గోడదాకా వెనక్కి వెళ్లి, అక్కడ నేలమీద దాదాపు చతికిలబడి పైకి చూశాను. కాపలా ఉద్యోగిని వచ్చి ఒంట్లో బాగుందా అని మర్యాదగా అడిగింది. ఈ మగ్దలేనే మరియ ఒంటరిగా గదిలో నిలబడడానికి పుట్టలేదు. బలిపీఠానికి పైన, పెద్ద చెక్క మందిరం నడుమ, చుట్టూ దేవదూతలతో, అటూ ఇటూ సెయింట్ కిలియన్, సెయింట్ ఎలిసబెత్‌లతో ఉండేది. వారిద్దరూ ఇప్పటికీ మ్యూనర్‌స్టట్‌లోనే ఉన్నారు. కింది పీఠంలో కూర్చున్న నలుగురు సువార్తికులు బెర్లిన్‌లోని బోడె మ్యూజియంలో ఉన్నారు. ఆ చర్చిలో ఈ రోజు కనిపించే అమరికలో అసలువి కొన్ని, నకళ్లు కొన్ని. భక్తుడు ఆమెను చూసినది కింది నుంచి, దూరం నుంచి, కిటికీ వెలుగులోనో కొవ్వొత్తుల వెలుగులోనో. రోథెన్‌బుర్గ్‌లో 1501-05 మధ్య చేసిన మరో అమరికలో రీమన్‌ష్నైడర్ బొమ్మల వెనుక చిన్న కిటికీలు కూడా ఉన్నాయి. అక్కడ వెలుగు శిల్పంలో ఒక భాగం. వెలుగు సరిగ్గా పడని చోట ఆ లెక్క తప్పుతుంది.

ఇంటికి వచ్చి రెండు ముక్కలనూ వంటగది తలుపు మీద, నేలకు రెండున్నర మీటర్ల ఎత్తున వేలాడదీసి, విద్యుద్దీపాలు ఆర్పి, బల్లమీద రెండు కొవ్వొత్తులు వెలిగించి, హాలు చివరకు వెళ్లి చూశాను. నా చెక్క ముక్క ఒక గోధుమరంగు ముద్దగా మిగిలింది. చర్మం ఎక్కడ ఆగి జుట్టు ఎక్కడ మొదలయ్యిందో నాకే తెలియలేదు. రంగు వేసిన ముక్క మాత్రం స్పష్టంగా చదవగలిగేలా ఉంది. బంగారు రేకు అంటించిన ఆ మూడు ఉంగరాలు కొవ్వొత్తి ఊగినప్పుడల్లా మెరిశాయి. మ్యూనర్‌స్టట్ పెద్దలను మొరటువారని జనవరి నుంచి మనసులో అనుకుంటూ వచ్చిన మాటను ఈ రాత్రి వెనక్కి తీసుకుంటున్నాను.

అయితే అదే దూరం నుంచి, మ్యూజియంలోని అసలు విగ్రహంలో ఉంగరాలు కలిసిపోలేదు. కాబట్టి తేడా అంతా రంగుదీ వెలుగుదీ కాదు, నా ఉలిది కూడా. నావి దగ్గరి చూపుకు సరిపడేంత లోతే ఉన్నాయి. కొలిచి చూస్తే ఎక్కువ బొక్కలు ఆరు మిల్లీమీటర్ల లోతు దాటలేదు. నిన్న మరో పలక తెచ్చి మెట్లగదిలో పెట్టాను. ఈసారి పది మిల్లీమీటర్ల వరకు దిగుతాను. ఉంగరాల సంఖ్యను సగానికి తగ్గించి, ఒక్కొక్కటి పెద్దది చేస్తాను. ప్రతి వరస పూర్తయ్యాక పలకను తలుపు మీదికి ఎక్కించి, హాలు చివర కింద కూర్చుని చూసి, ఆ తరువాతే రెండో వరస మొదలుపెడతాను.